రెండంగుళాలు తక్కువ

2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులకి వేసవి సెలవులు ఏప్రిల్ 24న మొదలై జూన్ 11తో ముగిశాయి. లెక్కేస్తే 49 రోజులు, సరిగ్గా ఏడు వారాలు. అంతకుముందు మార్చి సగం నుంచే ఒంటిపూట బడులు. అంటే తల్లుల క్యాలెండర్లో వేసవి, శివరాత్రికి చలి "శివ శివా" అంటూ వెళ్ళిపోయిన కాసేపటికే మొదలై మృగశిర కార్తె దాకా సాగుతుంది.

సెలవు అనే మాట తమాషా అయినది. బడి లేకపోవడం సెలవు. అనుమతి కూడా సెలవే. "ఇక సెలవు" అంటే వెళ్ళొస్తానని. పాత నిఘంటువుల్లో ఇంకో అర్థం ఉంది, మనం ఇప్పుడు వాడటం మానేశాం: ఖర్చు. సెలవుచేయడం అంటే ఖర్చుపెట్టడం. తమిళంలో ఇప్పటికీ సెలవు అంటే ఖర్చే. పిల్లలకి మొదటి అర్థంలో వచ్చిన సెలవులు వాళ్ళమ్మకి ఏ అర్థంలో వస్తాయి? ఆమెకి అనుమతి ఇచ్చేదెవరు? ఆ ఏడు వారాలు ఎవరి ఖాతాలో ఖర్చు? ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నది ఆ ప్రశ్నలతోనే. రాస్తున్నది వట్లూరులో, మా నాన్నగారింట్లో. మధ్యాహ్నం రెండున్నర. పిల్లలిద్దరూ కూలర్ ముందు నిద్రపోతున్నారు. ఎంతసేపో తెలీదు కాబట్టి వాక్యాలు కొంచెం తొందరగా నడిస్తే సర్దుకోండి.

వట్లూరంటే తెలియని వాళ్ళకి: ఏలూరుని ఆనుకుని, విజయవాడ వైపు వెళ్ళే రైలు మార్గం మీద ఉంటుంది. సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ ఇక్కడే. ఒకప్పుడు ఊరు, ఇప్పుడు ఊరా పట్నమా అని ఎవరైనా అడిగితే మా నాన్నగారు ఆలోచించి "కరెంటు బిల్లు పట్నం, దోమలు ఊరు" అంటారు. ప్రతి వేసవిలోనూ హైదరాబాద్ నుంచి గౌతమిలో బయల్దేరతాం. ఏలూరులో దిగేసరికి తెల్లారదు. పెద్దాడికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. ఒకరిని నడిపించాలి, ఒకరిని ఎత్తుకోవాలి, రెండు బ్యాగులు, ఒక లాప్‌టాప్. మా ఆయన వారం ఉండి వెళ్ళిపోతారు. నాకు ఆఫీసు వాళ్ళు నాలుగు వారాలు ఇంటి నుంచి పని చేసుకోమన్నారు. ఇంటి నుంచి అన్నారు గానీ, ఏ ఇంటి నుంచి అన్నది పట్టించుకోలేదు. అందుకు ధన్యవాదాలు.

ముందు ఆనందం సంగతి రాయాలి. ఎందుకంటే ఇలాంటి వ్యాసాల్లో దాన్ని చివర్లో మందు మింగాక ఇచ్చే పంచదారలా పెడుతుంటారు. నాకది నచ్చదు.

పొద్దున్నే పెరట్లో కుళాయి పక్కన పిల్లల్ని బనీన్లతో కూర్చోబెట్టి చెరో నూజివీడు చిన్న రసం చేతికిస్తాం. పిసికి పిసికి మెత్తబడ్డాక మొన కొరికి జుర్రాలి. చిన్నదానికి ఇంకా పిసకడం రాదు, ముందే కొరికేస్తుంది. రసం మోచేతి దాకా కారుతుంది, అక్కణ్ణుంచి మోకాళ్ళ మీదకి. టెంక చీకి చీకి పీచు తెల్లబడ్డాక దాన్ని చీమల దారిలో పెట్టి, అవి ఎప్పుడొస్తాయా అని గొంతుక్కూర్చుంటుంది. తాటి ముంజలొచ్చిన రోజున పెద్దాడికి ముంజల కన్నా ఆ కాయ డొక్కల మీదే ధ్యాస. రెండు డొక్కలకి ఒక పుల్ల గుచ్చి, పొడుగాటి కర్రతో తోసుకుంటూ వీధంతా ఆ బండి నడుపుతాడు. హైదరాబాద్‌లో వాడికి రిమోట్‌తో నడిచే కారుంది. దాని బ్యాటరీ ఎప్పుడు అయిపోయిందో కూడా వాడికి గుర్తులేదు. రాత్రి కరెంటు పోతే డాబా మీద చాపలు. కొల్లేరు వైపు నుంచి ఎప్పుడైనా ఒక చల్లటి గాలి తెర. ఇద్దరూ చెరో చెయ్యి తల కింద పెట్టుకుని నిద్రపోతారు, చెమటకి జుట్టు నుదుటికి అంటుకుని ఉంటుంది. ఆ నుదుటి మీద జుట్టు పక్కకి తీసే క్షణం కోసం నేను ఏమైనా ఇస్తాను. ఇది మామూలు మాట, ప్రతి తల్లీ చెప్పేదే. అయినా నిజం.

ఇక అలసట. పని వల్ల వచ్చే అలసట నాకు పెద్దగా లెక్కలోది కాదు. బట్టలకి మెషీన్ ఉంది, వంటకి మా అమ్మ ఉంది (ఆ సంగతికి తర్వాత వస్తాను). నన్ను అలిసిపోయేలా చేసేది కాపలా. మిగతా ఇళ్ళలో చప్పుడొస్తే ఉలిక్కిపడతారు, పిల్లలున్న ఇంట్లో చప్పుడు ఆగితే ఉలిక్కిపడతారు. ఊరు దాటి కొల్లేరు వైపు రెండు మలుపులు తిరిగితే రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులే. నున్నగా జారే గట్లు, ఎంత లోతో తెలియని నీళ్ళు. ఈతకని వెళ్ళి తిరిగిరాని పిల్లల వార్త ఏ వేసవిలోనూ పేపరు జిల్లా పేజీని తప్పిపోదు. కాబట్టి ఆఫీసు కాల్‌లో మాట్లాడుతున్నా ఒక చెవి వీధి గేటు గొళ్ళెం మీద ఉంటుంది. రెండో చెవి మిద్దె మెట్ల మీద. కాల్‌లో వాళ్ళకి మిగిలేది ఏమిటో నాకే తెలీదు.

అమెరికన్ తత్త్వవేత్త సారా రడిక్ 1989లో 'మెటర్నల్ థింకింగ్' అని ఒక పుస్తకం రాసింది. తల్లితనం ఒక భావోద్వేగం కాదు, ఒక పని అంటుంది. ఆ పని మగవాళ్ళు చేసినా దాని పేరు అదే. బిడ్డ మన నుంచి మూడు అడుగుతుంది: ప్రాణం కాపాడు, ఎదగనియ్యి, నలుగురిలో మెలిగేలా చెయ్యి. చిక్కేమిటంటే ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పడదు. పెద్దాడు మామిడిచెట్టు రెండో కొమ్మ మీదున్నాడు. ప్రాణం కాపాడే తల్లి దిగమంటుంది. ఎదగనిచ్చే తల్లి మూడో కొమ్మ చూపిస్తుంది. నలుగురి సంగతి చూసే తల్లికి అది పక్కింటి వాళ్ళ చెట్టని గుర్తొస్తుంది. మూడు సెకన్లలో తీర్పు చెప్పాలి, అప్పీలు లేదు. రోజుకి ఇలాంటివి వంద. హైకోర్టు జడ్జీలకి కూడా వేసవి సెలవులుంటాయి. రాత్రికి ఒళ్ళు నొప్పులకన్నా ముందు ఈ తీర్పులు చెప్పీ చెప్పీ మెదడు మొద్దుబారిపోయి ఉంటుంది. చిన్నది "అమ్మా, నాకు ఎర్ర గ్లాసు కావాలా, పచ్చ గ్లాసు కావాలా?" అని అడిగితే, అవును, తనకేం కావాలో నన్నే అడుగుతుంది, ఏడుపొస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ ఆనందానికీ ఈ అలసటకీ సంబంధం ఏమిటి?

మన దగ్గర ఎప్పట్నుంచో సిద్ధంగా ఉన్న జవాబు: "ఆ నవ్వు చూస్తే అలసటంతా ఎగిరిపోతుంది." ఎగిరిపోదండీ. నడుముని అడగండి చెప్తుంది. నవ్వు నవ్వే, నొప్పి నొప్పే. ఈ మాట వినడానికి ఎంత తియ్యగా ఉన్నా, దీని వెనక ఒక బేరం ఉంది: ఆనందం సరుకు, అలసట దాని వెల. వెల కట్టేశావు, సరుకు తీసుకున్నావు, ఇంకా గొణుగుతావెందుకు? ఈ లెక్క ఒప్పుకుంటే అలిసిపోయానన్న తల్లి గీచి గీచి బేరమాడే మనిషిలా కనిపిస్తుంది. ఇంకొంచెం ముందుకెళ్తే, ఆమెకి సరుకు నచ్చలేదేమో అన్న అనుమానం. అందుకే మనలో చాలామంది అలసట గురించి ఒక వాక్యం అంటే, వెంటనే ఇంకో వాక్యం జోడిస్తాం: "కానీ పిల్లలంటే ప్రాణం అనుకోండి." ఆ "కానీ" గురించే నా గొడవంతా.

దీనికి ఎదురుగా ఈమధ్య ఇంకో జవాబు తయారైంది. రీల్స్‌లో చూస్తుంటాం. చెదిరిన జుట్టు, కాఫీ కప్పు, వెనక ఇల్లు పీకి పందిరేస్తున్న పిల్లలు, కింద "బతికి బయటపడ్డా" అని ఒక క్యాప్షన్. మొదట్లో ఊపిరి పీల్చుకున్నట్టుండేది. ఎవరో ఒకరు నిజం చెప్పారని. ఇప్పుడు దానికీ ఒక బాణీ వచ్చేసింది. అందులో పిల్లలు తుఫాను, తల్లి బాధితురాలు. కింద కామెంట్లలో ఎవరో ఒకరు తప్పకుండా "మరి కన్నదెందుకు?" అంటారు. దురుసు మాటే గానీ కొట్టిపారేయలేను. నేను కోరుకునే కన్నాను. కానీ కోరుకున్నంత మాత్రాన అలసట గురించి మాట్లాడే హక్కు వదులుకున్నట్టా? ఉద్యోగం కోరుకునే చేస్తాం. ఆదివారం కూడా రమ్మంటే "కోరుకునే చేరావు కదా" అని ఎవరూ అనరు. అన్నా మనం ఊరుకోం.

రెండు జవాబుల్లోనూ ఉన్న పొరపాటు ఒకటే అనుకుంటాను. రెండూ ఆనందాన్నీ అలసటనీ వేరు వేరు పళ్ళేల్లో పెట్టి తూస్తాయి. నాకు కనిపించేది వేరు. మొన్నొక సాయంత్రం పిల్లల్ని వట్లూరు స్టేషన్‌కి తీసుకెళ్ళాను, రైళ్ళు చూపిద్దామని. పెద్దాడు చదివేది ఇంగ్లిష్ మీడియం, తెలుగు అక్షరాలు వాడికి కొత్త చుట్టాలు. ప్లాట్‌ఫాం చివర పసుపు పచ్చ బోర్డు ముందు నిలబడిపోయాడు. "వ" వచ్చింది. తర్వాత "ట". దాని కింద ఒత్తు దగ్గర ఆగిపోయాడు. చెప్పనివ్వడు. "నువ్వు చెప్పకు" అంటాడు. ఎండ తగ్గినా సిమెంటు నేల ఇంకా సెగలు కక్కుతోంది. చిన్నది చంకలో నిద్రకి వేలాడుతోంది, భుజం పీకేస్తోంది. ఇరవై నిమిషాలు. చివరికి వాడు "వట్లూరు!" అని అరిచాడు, ఊరిని వాడే కనిపెట్టినట్టు. ఆ ఇరవై నిమిషాల్లో ఆనందం ఎంత, అలసట ఎంత అని విడదీయమంటే నావల్ల కాదు. వాడి కళ్ళు ఆ ఒత్తు మీద ఎలా తడుముకుంటున్నాయో చూడాలంటే అక్కడే, అంతసేపు, చెప్పకుండా నిలబడాలి. భుజాన్ని లాగేసింది ఆ నిలబడటమే. ఆనందాన్ని ఇచ్చిందీ ఆ నిలబడటమే. చెప్పేసి ఇంటికొచ్చేసి ఉంటే రెండూ ఉండేవి కావు.

కాబట్టి అలసటని ప్రేమకి వెలగానో, ప్రేమలో లోటుగానో చూడలేను. శ్రద్ధ పెడితే ఒంట్లో మిగిలేది అది. ఏడ్రియన్ రిచ్ 1976లో తల్లితనం మీద 'ఆఫ్ ఉమన్ బోర్న్' రాసినప్పుడు, ముగ్గురు కొడుకుల తల్లిగా తన అనుభవం చెప్పుకున్న అధ్యాయానికి కోపాన్నీ లాలననీ కలిపి ఒకే పేరు పెట్టింది. ఇప్పటికీ ఆ పేరు చూసి ఉలిక్కిపడేవాళ్ళుంటారు. మన అబ్బూరి ఛాయాదేవి గారి 'సుఖాంతం' కథలో అయితే ఒక ఆడమనిషి జీవితకాలపు కోరిక కంటినిండా నిద్ర. అంతే. విప్లవం కాదు, స్వేచ్ఛ కాదు, నిద్ర. పెళ్ళికి ముందు చదివినప్పుడు నాకది వ్యంగ్యం అనిపించింది. ఇప్పుడు వార్తలా చదువుతాను.

ఇక మా అమ్మ సంగతి.

తెలుగులో వేసవి సెలవుల మీద వచ్చినన్ని జ్ఞాపకాలు ఇంకే రుతువు మీదా రాలేదేమో. అమ్మమ్మ ఊరు, మామిడితోపు, బావి గట్టు, ఆవకాయ కలిపిన గిన్నెలో ఆఖరి ముద్దలు, ఆరుబయట నులకమంచాలు. నేనూ ఇష్టంగా చదువుతాను. అయితే అవన్నీ ఒకప్పటి పిల్లలు రాసినవి. వాటిలో అమ్మమ్మ చేతులుంటాయి, మోకాళ్ళుండవు. ఇంకో మనిషి అయితే అసలే ఉండదు. చెప్తాను. నా చిన్నప్పుడు మా ముగ్గురు మేనత్తలూ పిల్లలతో ఈ ఇంటికే వచ్చేవాళ్ళు. వాళ్ళ పిల్లలకి ఇది అమ్మమ్మ ఊరు. మాతో కలిపి పిల్లలం తొమ్మిదిమంది. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని కథలు చెప్పేది, ముద్దలు కలిపి పెట్టేది. బియ్యం కడిగింది, తొమ్మిదిమంది తలలకి నూనెలు రాసింది, రాత్రి ఎవరో పక్క తడిపితే లేచి మార్చింది ఆ ఇంటి కోడలు. మా అమ్మ. మా అత్తల పిల్లలు ఇప్పుడు ఫ్యామిలీ గ్రూపులో వట్లూరు వేసవుల గురించి పొడుగాటి మెసేజ్‌లు పెడతారు. కళ్ళు చెమర్చేలా రాస్తారు, అబద్ధం లేదు. వాటిలో అమ్మమ్మ ఉంటుంది, మామిడిచెట్టు ఉంటుంది, మా కుక్క కూడా ఉంటుంది. అత్తయ్య ఉండదు. ఎవరూ కావాలని తీసెయ్యలేదు. బాగా జరిగిపోయిన పని కనపడదు, అంతే.

ఇప్పుడామె అమ్మమ్మ అయింది. ప్రమోషన్ వచ్చింది గానీ కింద కోడలు లేదు, నాకు అన్నదమ్ములు లేరు. ఆ పనులూ ఈ పనులూ తనే. నేను కాల్‌లో ఉంటే చిన్నదాన్ని తను చూస్తుంది. నేను పది నిమిషాలు నడుం వాలిస్తే ఆ పది నిమిషాలు ఆమె ఒంట్లోంచి వస్తాయి. "పిల్లలొస్తేనే ఇల్లు ఇల్లులా ఉంటుందే" అంటుంది. ఆ మాట నిజం, నాకు తెలుసు. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుని ఒక్క క్షణం ఆగుతుంది. అదీ నిజం. ఇక్కడే నాకు తెగని ముడి ఉంది. ఎదుటి మనిషి ఇష్టపూర్వకంగా చేస్తానంటే మనకింక బాధ్యత లేదని అనుకుంటాం. కానీ నలభై ఏళ్ళుగా "నావల్ల కాదు" అనే వాక్యం ఒక్కసారీ వాడని మనిషి "నాకేం ఇబ్బంది లేదు" అంటే దాన్ని ఎంతవరకు నమ్మాలి? కాదనడం రాని మనిషి అవుననడానికి బరువెంత? ఆడవాళ్ళ విశ్రాంతి మన ఇళ్ళలో ఎక్కువగా ఇలాగే దొరుకుతుంది, ఒక ఆడమనిషి ఒంట్లోంచి తీసి ఇంకో ఆడమనిషికి. ఈ వ్యవహారమంతా జరుగుతుండగా వరండాలో మా నాన్నగారు పేపర్లో పదకేళి నింపుతుంటారు. మంచి మనిషి. పిల్లలంటే ప్రాణం. పిలిస్తే వస్తారు. పిలవాలి.

ఇంతకీ మనవాళ్ళు అలిసిపోయిన తల్లిని ఎక్కడా చూపించలేదా అని ఆలోచిస్తే, ఊహించని చోట కనిపించింది. భాగవతం దశమ స్కంధంలో. యశోద పెరుగు చిలుకుతుంటుంది. పిల్లవాడొచ్చి పాలకి పేచీ పెడతాడు. ఒళ్ళో వేసుకుని ఇస్తుంది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగుతాయి. సగంలో వాణ్ణి దింపేసి పరిగెడుతుంది. అంటే సాక్షాత్తూ ఆ దేవుణ్ణి ఒళ్ళో పెట్టుకున్నా పొయ్యి మీది పాలని వదిలెయ్యలేని సంసారం. వాడికి కోపం వచ్చి కుండ పగలగొడతాడు, వెన్న కోతులకి పెడతాడు. ఆమె కర్ర పుచ్చుకుని వెంటపడుతుంది. దొరికాక వాడి భయం చూసి కర్ర పారేసి, రోటికి కట్టేద్దామని తాడు తెస్తుంది. రెండంగుళాలు తక్కువ. ఇంకో తాడు ముడేస్తుంది. మళ్ళీ రెండంగుళాలే తక్కువ. ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ ముడేసినా అంతే. ఒళ్ళంతా చెమట పట్టి, కొప్పు ఊడి, పువ్వులు జారిపోతాయి. అప్పుడు వాడు ఆమె అలసట చూస్తాడు. చూసి, తనంతట తనే కట్టుబడతాడు.

పోతన తెలుగులో ఈ ఘట్టం చదువుకున్నవాళ్ళకి పిల్లవాడి అల్లరి గుర్తుంటుంది. నన్ను ఆపింది ఆ కట్టుబడటం. ఆమె భక్తి చూసి కాదు, కోపం చూసి కాదు, అలసట చూసి. వ్యాఖ్యాతలు ఆ రెండంగుళాల్లో ఒకటి మనిషి శ్రమ, ఒకటి దేవుడి దయ అంటారు. నేనంత దూరం వెళ్ళను. నాకు కనిపించేది ఇది: ఎన్ని తాళ్ళు ముడేసినా అందనిది, ఎదుటివాడు ఆ చెమటని చూస్తే అందింది. యశోద ఆ చెమట దాచుకుని, నవ్వుమొహం పెట్టుకుని, "నాకేం ఇబ్బంది లేదు నాన్నా" అని ఉంటే? సహనానికి భూదేవితో పోల్చి మన ఇళ్ళలో ఆడవాళ్ళకి నేర్పేది సరిగ్గా అదే. (రోహిణి కార్తె ఎండకి రోళ్ళు పగులుతాయంటారు. రాయి కూడా తట్టుకోలేనంటే మనకి అర్థమవుతుంది.)

చూడటం అనేది ఇంటి గడప దాటి కొన్నిచోట్ల జరిగింది. వేసవిలో చెరువు పూడికతీతల్లాంటి ఉపాధి హామీ పనులు ఎక్కువ. పొద్దున్నే పలుగూ పారా పట్టుకుని, చంటిపిల్లల్ని వెంటేసుకుని వెళ్ళే తల్లులకి నా కూలరూ లేదు, మా అమ్మా ఉండకపోవచ్చు. 2005 నాటి ఆ చట్టంలో ఒక నిబంధన పెట్టారు. పనిచోట చిన్నపిల్లలు ఐదుగురో అంతకు మించో ఉంటే, ఆడవాళ్ళలో ఒకరిని వాళ్ళని చూసుకోవడానికి పెట్టాలి, ఆమెకీ కూలి ఇవ్వాలి. అమలు సంగతి పక్కన పెట్టండి. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం మట్టి తవ్వడంలాగే పని అని ప్రభుత్వం ఒక కాగితం మీద ఒప్పుకుంది. 2021 జనవరిలో సుప్రీం కోర్టు, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల కేసులో, గృహిణికి ఆదాయం లేదని పరిహారం తగ్గించకూడదంది. మన కృష్ణా జిల్లా వారే అయిన జస్టిస్ ఎన్.వి.రమణ అందులో విడిగా రాసిన తీర్పులో 2019 నాటి కాల వినియోగ సర్వే లెక్కలు చూపించారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు 97. మళ్ళీ 2024లో సర్వే చేస్తే ఆడవాళ్ళవి 289 అయ్యాయి. అయిదేళ్ళలో పది నిమిషాలు కలిసొచ్చాయి. మగవాళ్ళవి పెరిగుంటాయి అనుకున్నాను. అవీ 88కి తగ్గాయి. కోర్టు లెక్క కట్టింది మంచిదే. కాకపోతే ఆ లెక్క తేలాలంటే ఆవిడ చనిపోయి ఉండాలి.

ఇంట్లో అయితే ఎలా? బతికుండగా, ఎవరు చూడాలి? పిల్లలా?

ఇక్కడ నాకో భయం ఉంది, అది చిన్నది కాదు. అమ్మ అలిసిపోయిందని పిల్లలకి చెప్తే, ఆ అలసటకి కారణం తామే అనుకుంటారు. అలా అనుకుంటూ పెరిగిన వాళ్ళు నాకు తెలుసు. పెద్దయ్యాక కూడా అమ్మని మంచినీళ్ళడగాలంటే క్షమాపణతో మొదలుపెడతారు. తల్లి నిట్టూర్పుని అప్పు పత్రంలా మోయడం ఏ పిల్లలకీ మంచిది కాదు. అందుకే దాచడమే మేలనే వాళ్ళ వాదనలో బలం ఉంది. కానీ దాచింది ఎక్కడికీ పోదు. ఏ సాయంత్రమో పాలగ్లాసు ఒలికిన చిన్న కారణానికి పెద్ద కేకై బయటికొస్తుంది. పిల్లలకి అప్పుడు అలసట కనపడదు, కేకే వినపడుతుంది. కారణం తెలియని కేక, పేరు చెప్పిన అలసట కన్నా ఎక్కువ భయపెడుతుందని నా నమ్మకం. పైగా తల్లి అలసట ఎన్నడూ చూడకుండా పెరిగిన పిల్లాడు ఇంకో ఇరవై ఏళ్ళకి ఏ వరండాలో కూర్చుంటాడో నేను ఊహించగలను.

"నీ వల్ల అలిసిపోయాను" వేరు, "అలిసిపోయాను" వేరు. రెంటికీ మధ్య ఉన్నది రెండు చిన్న మాటలే. అందుకని ఈ వేసవిలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. మధ్యాహ్నం నాకు పావుగంట కావాలి, అమ్మ ఒళ్ళు అలిసింది, తలుపు వేసుకుంటాను, తాతయ్య దగ్గరుండండి అని చెప్తాను. నాన్నగారికీ అదే చెప్పాను. పిలిచే దాకా ఆగక్కర్లేదని, రోజూ ఆ వేళకి మీదే డ్యూటీ అని. పదకేళి పక్కన పెట్టి "ముందే చెప్పొచ్చుగా" అన్నారు. మొదటిరోజు పెద్దాడు తలుపు బయటే చతికిలబడి, రెండు నిమిషాలకోసారి "పావుగంట అయిందా?" అని గుసగుసగా అడిగాడు. గుసగుసగా అడిగితే నిద్ర చెడదని వాడి లెక్క. నాలుగోరోజుకి తాతయ్య వామనగుంటలు నేర్పడం మొదలుపెట్టారు, చింతగింజలు గలగలమంటుంటే ఎవరికీ నేను గుర్తులేను. లోపల పడుకుని వింటుంటే హాయిగానూ ఉంది, ఎందుకో కొంచెం గుచ్చుకున్నట్టూ ఉంది. రెండూ.

మా అమ్మకి మాత్రం ఈ పావుగంటల పద్ధతి పట్టదు. "నాకెందుకే" అంటుంది. నిన్న రాత్రి డాబా మీద పిల్లలు పడుకున్నాక, అత్తల పిల్లలు గ్రూపులో పెట్టిన మెసేజ్ ఒకటి చదివి వినిపించాను. నవ్వింది. చెట్టు ఎక్కడ ఉండేదో వాడు తప్పు రాశాడంది. అసలు ఆ వేసవుల్లో నువ్వెప్పుడు పడుకునేదానివే అమ్మా అని అడిగాను. విసనకర్రతో చిన్నదానికి విసురుతూ చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"అందర్నీ రైలెక్కించి మీ నాన్న ఇంటికొచ్చేవారు కదా, ఆ మధ్యాహ్నం పడుకునేదాన్నే. ఒళ్ళు తెలిసేది కాదు. దీపాలు పెట్టే వేళ దాకా మెలకువొచ్చేది కాదు. లేచి చూస్తే ఇల్లంతా చప్పుడు లేకుండా ఉండేది. వాళ్ళ మామిడి టెంకలు ఇంకా గట్టు మీదే ఉండేవి. ఏడుపొచ్చేది."